ఏడేళ్లు దాటిన బండికి దిక్కెవరు?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నేను కర్ణాటక రాష్ట్రం, చిక్కబళ్లాపురం జిల్లా, చింతామణిలో బండ్ల కరెంటు పని చేసేవాణ్ని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే నా జీవనం. ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మేమున్నది కర్ణాటకలోనే అయినా, బాగేపల్లి, చింతామణి పక్క చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. బడిలో చదివింది కన్నడం. బాధ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం నోటికి తెలుగే వస్తుంది. మా తాలూకాలోని కైవారం యోగి తాతయ్య గారు కూడా తన తత్వాలను రెండు భాషల్లోనూ చెప్పారు కాబట్టి మాకు ఇది కొత్త కాదు.

పోయిన చలికాలంలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను మోగింది. మా చిన్నమ్మ కొడుకు. వాళ్లది బాగేపల్లి దగ్గర పల్లె. మా చిన్నాయనకు కిడ్నీలు పాడయ్యాయి, వాడే ఆయనను వారానికి రెండుసార్లు బెంగళూరుకు డయాలసిస్‌కు తీసుకుపోతుంటాడు.

"అన్నా, పేరేసంద్ర ఇంకా రాలేదన్నా, బండి రోడ్డు నడుమన నిలిచిపోయింది. పోతా పోతా ఒక్కసారిగా ఆఫ్ అయిపోయె. బీగం తిప్పితే సెల్ఫ్ పట్టల్యా. డాష్‌బోర్డులో ఒక్క లైటు లేదు. ఎనకాల లారీలు వస్తా ఉండాయన్నా."

బయట పొగమంచు. ఆ రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే రోడ్డు. రాత్రీ పగలూ తేడా లేకుండా లారీలు నడుస్తుంటాయి. 2023 అక్టోబరు 26న పొద్దున అదే రోడ్డులో, చిక్కబళ్లాపురం దగ్గర, మంచులో కనబడక, నిలిచి ఉన్న ట్యాంకరును మనుషులతో నిండిన బండి గుద్దుకుని 13 మంది పోయారు. ఆ ట్యాంకరుకూ నేను చెప్పబోయే విషయానికీ సంబంధం లేదు. కానీ ఆ రోడ్డులో మంచు వేళ కదలకుండా నిలిచిన బండి అంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫోనులో వాడి మాట వింటుంటే నాకు ఆ పొద్దే కళ్లముందు మెదిలింది.

"నాలుగు ఇండికేటర్లూ వెయ్యి. అవి బీగంతో పని లేకుండా బ్యాటరీ నుంచే వెలుగుతాయి. బండిని న్యూట్రల్‌లో పెట్టి ఎడమ పక్కకు తొయ్యి. చిన్నాయనను దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టు. నువ్వు వెనక్కి ఒక వంద అడుగులు పోయి సెల్‌ఫోను లైటు ఊపుతా ఉండు," అన్నాను. నేను చేరేసరికి గంట దాటింది. చిన్నాయన మైలురాయికి ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఒకే మాట అన్నాడు: "పోయిన నెలే కదరా సెల్ఫ్ మోటారు చేయిస్తిమి."

నిజమే. నెల కిందట సెల్ఫ్ మోటారు విప్పించి బుష్షులు, కార్బన్ బ్రష్షులు కొత్తవి వేయించారు. అంతకు వారం ముందు కొత్త బ్యాటరీ. రెండింటికీ కలిపి చిన్నాయన రెండు గొర్రెపొట్టేళ్లు అమ్మాడు. లోపం ఆ రెండింటిలోనూ లేదు. స్టీరింగు కింది ప్లాస్టిక్ తొడుగు విప్పి టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. బ్యాటరీ నుంచి కరెంటు ఇగ్నిషన్ స్విచ్చి దాకా వస్తోంది. స్విచ్చి దాటి అవతలికి పోవడం లేదు. వెనక ఉన్న తెల్ల సాకెట్టులో ఒక్క రంధ్రం చుట్టూ కాలి, వేగిన ఉల్లిపాయ రంగుకు తిరిగింది. వేలితో కాస్త కదిలిస్తే ల్యాంపు వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. వైరు కలిపి డైరెక్టు ఇచ్చాను. బండి లేచింది. డయాలసిస్‌కు మూడు గంటలు ఆలస్యంగా చేరారు. నేను చేసింది రిపేరు కాదు, ఆపద గడవడానికి చేసిన పని. మరునాడు కొత్త స్విచ్చి వేశాను.

అయ్యా, మీకు తెలియదని కాదు గానీ, ఈ ఉత్తరం చదివే మా ఊరివాళ్ల కోసం స్విచ్చి సంగతి కొంచెం చెప్తాను. బీగం పెట్టి తిప్పే చోట రెండు వస్తువులు ఉంటాయి. ముందు ఉండేది బీగం దూరే ఇనుప గొట్టం. దాని వెనక, పైకి కనబడకుండా, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. అసలు స్విచ్చి అదే. లోపల రాగి రేకులు, ఒక స్ప్రింగు, చిన్న గుండు లాంటి ముక్క. బీగం తిరిగినప్పుడు రేకులు ఒకదానితో ఒకటి తగిలి కరెంటు పోవాల్సిన దారులు తెరుచుకుంటాయి. మొదటి గంటులో పాటల డబ్బా, రెండో గంటులో ఇంజను, ఎయిర్‌బ్యాగు, చివరి గంటులో సెల్ఫ్. బీగం వదలగానే చివరి గంటు నుంచి వెనక్కి రావాలి. రెండో గంటులో గట్టిగా నిలబడాలి. ఆ నిలబడే బిగువు స్ప్రింగుది.

సెల్ఫ్ తిరగడానికి పెద్ద కరెంటు కావాలి. అది బ్యాటరీ నుంచి మందపాటి కేబులులో సూటిగా పోతుంది. ఆ దారి తెరిచేది సోలినాయిడ్. సోలినాయిడ్‌ను పిలిచేది ఈ స్విచ్చి. నడుమ ఆ కరెంటును మోసే రిలే పెట్టని బండ్లలో సోలినాయిడ్ లాగే కరెంటంతా ఈ పలచటి రేకుల మీదుగానే పోతుంది. బీగం తిప్పిన ప్రతిసారీ రేకుల కొనల్లో కంటికి కనబడని నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ నల్లటి మసి పేరుకుంటుంది. బ్యాటరీలో 12 వోల్టులు ఉన్నా సోలినాయిడ్ దగ్గరికి పోయేసరికి 8, 9 మాత్రమే ఉంటుంది. "టిక్" మని ఒక శబ్దం, అంతే. ఆ శబ్దం విన్నవాడు బ్యాటరీ వీకయిందంటాడు. బ్యాటరీ మార్చినా పోకపోతే సెల్ఫ్ మోటారు అంటాడు. అన్నిటికంటే చౌక వస్తువును అన్నిటికంటే చివర చూస్తారు.

ఇది సగం కథ. ఉదయం ఇంటిముందు బండి లేవకపోతే నష్టం డబ్బు, సమయం. నడిచే బండిలో స్విచ్చి జారితే సంగతి వేరు. ఇంజను ఆగిపోతుంది. స్టీరింగు ఒక్కసారిగా రాయిలా బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్ల దాకా మామూలుగానే పట్టి, ఆ తర్వాత కాలి బలమంతా పెట్టినా అరకొరగా పడుతుంది. అందుకే నేను అందరికీ చెప్తాను: అట్లా అయినప్పుడు బ్రేకును మళ్లీ మళ్లీ తొక్కకండి, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి, బీగాన్ని వెనక్కి తిప్పి బయటికి తీయకండి, తీస్తే స్టీరింగు లాకవుతుంది. ఇక ఎయిర్‌బ్యాగు సంగతి. కరెంటు లేని ఎయిర్‌బ్యాగు దెబ్బ తగిలినప్పుడు తెరుచుకోకపోవచ్చు. బండి కొన్నప్పుడు షోరూములో అంత గొప్పగా చూపించే ఎయిర్‌బ్యాగు కూడా ఈ చిన్న డబ్బీనే నమ్ముకుని ఉంటుంది.

అమెరికాలో ఇదే జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్ల కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటి కార్లలో వేసిన స్విచ్చికి స్ప్రింగు బిగువు తక్కువ. బీగాల గుత్తి కాస్త బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, గుంతలో పడినా బీగం రెండో గంటు నుంచి జారిపోయేది. అనుకున్న బిగువు రాలేదని 2002లోనే తెలిసి కూడా ఆ స్విచ్చికి ఒప్పుదల ఇచ్చారని కంపెనీ తరఫున ఆంటన్ వాలుకాస్ అనే లాయరు చేసిన విచారణలో తేలింది. 2006లో లోపలి ముక్క మార్చి బిగువు పెంచారు. మంచిదే. కానీ పార్టు నంబరు మార్చలేదు. దాంతో పాత స్విచ్చి ఏదో, కొత్తది ఏదో బయటివాళ్లకు తెలిసే దారి మూసుకుపోయింది. 2010లో జార్జియా రాష్ట్రంలో ఒక నర్సు, తన 29వ పుట్టినరోజు నాడు, 2005 మోడలు కోబాల్ట్ నడుపుతూ చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు. వాళ్ల లాయరు మార్క్ హుడ్ అనే ఇంజనీరును పెట్టుకున్నాడు. ఆయన ఆ కారు స్విచ్చినీ, కొత్తగా కొన్న అదే నంబరు స్విచ్చినీ పక్కపక్కన పెట్టి విప్పి చూశాడు. లోపలి ముక్క పొడవులో తేడా. నిజం అక్కడ దొరికింది.

ఈ మాట చదివినప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. ఎందుకంటే నేను రోజూ చేసే పని అదే. స్టూలు మీద కూర్చుని స్విచ్చి విప్పి చూడటం. అంత పెద్ద కంపెనీలో ఎందరో ఇంజనీర్లుండగా, బయటివాడొకడు రెండు డబ్బీలు విప్పితే తప్ప సంగతి తేటపడలేదు.

2014లో జనరల్ మోటార్స్ వాళ్లు ఆ లోపానికి 26 లక్షల బండ్లు వెనక్కి పిలిచారు. కొత్త స్విచ్చి వేసేదాకా గుత్తిలోని తక్కిన బీగాలన్నీ తీసేసి ఒక్క బీగంతోనే నడపండని చెప్పారు. పరిహారాల లెక్కలో 124 చావులు ఆ స్విచ్చి వల్లేనని ఒప్పుకున్నారు. 2015లో 90 కోట్ల డాలర్లు కట్టి ప్రభుత్వంతో కేసు రాజీ చేసుకున్నారు. బండిని చేత్తో తిప్పి లేపే కష్టం తీర్చిన సెల్ఫ్ స్టార్టరు, చార్లెస్ కెటరింగ్ చేసినది, మొదట వచ్చింది 1912 కాడిలాక్ కార్లలో. అది కూడా ఈ జనరల్ మోటార్స్ ఇంటి కారే. మేం ఇవాళ్టికీ ఆ మోటారును "సెల్ఫ్" అని పిలుస్తున్నామంటే అక్కడి నుంచి వచ్చిన మాటే. అంత మేలు చేసిన చోటే ఈ కీడు కూడా పుట్టింది.

ఇప్పుడు మీకు చెప్పాలనుకున్న అసలు మాటకు వస్తాను.

మీరు మంత్రిగా ఉండగానే 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షను తెచ్చారు. లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. అంతకుముందు అది కంపెనీల మనసును బట్టి ఉండేది. ఇది మీరు చేసిన మంచిపని, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్సు అమల్లోకి వచ్చాయి. ఒక మోడలు ఏటా ఎన్ని అమ్ముడవుతుందో చూసి, అందుకు తగ్గ సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే విచారణ. తనంతట తాను పిలవకుండా ఆదేశం దాకా తెచ్చుకున్న కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అంతా బాగుంది. కానీ అందులో ఒక గీత గీశారు. ఏడేళ్లు దాటని బండ్లకే ఈ రూలు.

అయ్యా, ఆ గీత మమ్మల్ని బయట నిలబెట్టింది.

మా ఊళ్లకు ఒకసారి వచ్చి చూడండి. చింతామణి టమాటా మార్కెట్టు ముందు, బాగేపల్లి బస్టాండు పక్కన, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర నిలిచిన కార్ల నంబరు ప్లేట్లు చూడండి. కేఏ-40 మా జిల్లా నంబరు. దానికంటే బెంగళూరు నంబర్లే ఎక్కువ కనబడతాయి: కేఏ-03, కేఏ-05. అక్కడివాళ్లు కొత్తవి కొని, ఆరేడేళ్లు వాడి అమ్మితే మావాళ్లు కొంటారు. బాడుగకు తిప్పేవాడూ, కూతురి పెళ్లి కుదిరాక కొన్నవాడూ, ముసలి తండ్రిని ఆసుపత్రికి తీసుకుపోయేవాడూ కొనేది ఆ బండే. అంటే బండి మా చేతికి వచ్చేనాటికి మీ గీత దగ్గరపడి ఉంటుంది, లేదా దాటిపోయి ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు ఉంటుంది. ఆపైన పరీక్ష పాసైతే ఐదైదేళ్లు పొడిగిస్తారు. 15 ఏళ్లు రోడ్డు మీద తిరగడానికి పనికొచ్చే బండి, ఏడేళ్లు దాటితే లోపం గురించి అడగడానికి పనికిరాదా?

స్విచ్చి లాంటి వస్తువు మొదటి మూడేళ్లలో మొరాయించడం తక్కువ. రేకులు కాలడానికి, స్ప్రింగు వదులు కావడానికి కాలం పడుతుంది. డిజైనులో పొరపాటు ఉంటే అది ఎనిమిదో ఏట, పదో ఏట బయటపడుతుంది. జనరల్ మోటార్స్ లెక్కే చూడండి. ఆ నర్సు చనిపోయింది కారు ఐదో ఏట. ఆ కారును వెనక్కి పిలిచింది తొమ్మిదో ఏట. అయాన్ కార్లలో అన్నిటికంటే పాతవి 2003 మోడలు, అంటే పదకొండేళ్లవి. మన రూలు అక్కడ ఉండి ఉంటే ఆ 26 లక్షల బండ్లలో చాలామటుకు గీతకు అవతలే ఉండేవి. ఫోర్డు కంపెనీ 1996లో ఇగ్నిషన్ స్విచ్చి లోపల షార్టయి మంటలు పుడుతున్నాయని 87 లక్షల బండ్లు పిలిచింది. వాటిలో 1988 మోడళ్లు కూడా ఉన్నాయి. అవీ మన గీతకు అవతలివే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. నా దగ్గరకు వచ్చే ప్రతి స్విచ్చీ కంపెనీ తప్పు వల్ల పోయింది కాదు. ఇంటి బీగాలు, బీరువా బీగాలు, పంపుసెట్టు గది బీగం, వెంకటరమణస్వామి ఇత్తడి బిళ్ల, అన్నీ ఒకే గుత్తికి వేసి వేలాడదీస్తారు. ఆ బరువుకు లోపలి గంటులు అరిగిపోతాయి. ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు పెట్టించుకుని ఆ కరెంటంతా స్విచ్చి వైరు నుంచే గుంజుతారు. రిలే పెట్టమంటే డబ్బు వృథా అంటారు. నకిలీ స్విచ్చిలూ వస్తున్నాయి. అసలు దాంట్లో మూడో వంతు ధర, ఆరు నెలల ఆయుష్షు. ఇందులో మా పనివాళ్ల తప్పు కూడా ఉంది. స్విచ్చి చెడితే మార్చకుండా డాష్‌బోర్డు కింద బెల్లు స్విచ్చి లాంటి పుష్ బటను పెట్టి పంపేవాళ్లున్నారు. ఫ్యూజు లేకుండా లాగిన ఆ వైరు ఎక్కడో రాపిడికి తొక్క ఊడితే, బండి అంటుకుంటుంది. పిల్లవాడు ఆ బటను నొక్కితే గేరులో ఉన్న బండి ముందుకు దూకుతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆ పని చేయవద్దని ఖండితంగా చెప్పాను.

కానీ ఏది వాడకం వల్ల పోయిందో, ఏది పుట్టుకతోనే లోపమో తేల్చేది ఎవరు? ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే రెండు మూడేళ్లలో తయారైన బండ్లు, అన్నిటికీ సాకెట్టులో అదే రంధ్రం కాలి వస్తే, అది బీగాల గుత్తి బరువు కాదు. నా అంగడిలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. విప్పిన స్విచ్చిలను గుజరీకి వేయకుండా, బండి మోడలు, తయారైన ఏడాది, తిరిగిన కిలోమీటర్లు చీటీ రాసి, దారంతో కట్టి అందులో వేస్తున్నాను. డబ్బా సగానికి పైగా నిండింది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను. నిందించడానికి కాదు ఈ ఉత్తరం. విప్పి చూసే అధికారం, పరికరాలు ఉన్నవాళ్లు చూసి చెప్పాల్సిన విషయం అది.

ఆ డబ్బాను తీసుకుని నేను ఎక్కడికి పోవాలి? ఫిర్యాదు చేయాల్సింది బండి యజమాని. ఆన్‌లైనులో చేయాలి. మా చిన్నమ్మ కొడుకు నాగలి పట్టేవాడు. స్విచ్చి మారింది, బండి నడుస్తోంది, వాడికి అంతే చాలు. మూడో యజమాని కాబట్టి పాత కాగితాలు లేవు. లోపాన్ని కళ్లారా చూసేది నేను. నా మాటకు ఆ ఫిర్యాదుల లెక్కలో చోటు లేదు. డాక్టరు ఒక జబ్బు పదిమందిలో చూస్తే పైవాళ్లకు తెలియజేసే ఏర్పాటు ఉంటుంది. బండ్ల డాక్టర్లం మేం. చింతామణిలో నాలాంటివాడు చూసింది, గౌరిబిదనూరులో ఇంకొకడు చూసింది, అనంతపురంలో మరొకడు చూసింది, ఒకచోట చేరితే తప్ప అది లోపమని ఎవరికీ తెలియదు. విడివిడిగా మా అందరికీ అది ఒక పొద్దు పని.

కాబట్టి అయ్యా, ఆ ఏడేళ్ల గీతను చెరిపేయండి. అన్నిటికీ కాకపోయినా, ప్రాణంతో ముడిపడిన వాటికి, అంటే ఇగ్నిషన్ స్విచ్చి, స్టీరింగు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులకు, రిజిస్ట్రేషను ఉన్నంత కాలం రూలు వర్తించేలా చేయండి. రిపేరు చేసేవాళ్ల ఫిర్యాదులు కూడా లెక్కలోకి తీసుకోండి. మాలో అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారని అనుమానం ఉంటే, విప్పిన పార్టును సీలు వేసి పంపమనండి, పంపుతాం. ఫిర్యాదు ఫారం కన్నడంలో, తెలుగులో ఉండాలి. పార్టులో ఏ చిన్న మార్పు చేసినా నంబరు మార్చి తీరాలని కంపెనీలకు చెప్పండి. అది వాళ్లకు పెద్ద ఖర్చు లేని పని.

ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ముద్దేనహళ్లి మా జిల్లాలోదే, చిక్కబళ్లాపురం పక్కనే. మీ మహారాష్ట్రలో ఖడక్‌వాస్లా ఆనకట్టకు 1903లో తమంతట తాము తెరుచుకునే తలుపులు పెట్టించింది ఆయనే. నీళ్లు ఎక్కువైతే మనిషి వచ్చేదాకా ఆగకుండా పని చేయాలన్నదే ఆ తలుపుల వెనక ఆలోచన. నేను అడిగే రూలూ అట్లాంటిదే. ఆపద వచ్చాక ఎవరో ఒకరు ఫోను ఎత్తే భాగ్యం అందరికీ ఉండదని ఆయనకు తెలుసు.

డబ్బా నా అంగడిలోనే ఉంటుంది. మీ శాఖ నుంచి ఎవరు వచ్చినా చీటీలతో సహా అప్పగిస్తాను.

మా చిన్నాయన ఈ గురువారం మళ్లీ తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాలి. ఆ బండికి కొత్త స్విచ్చి నా చేతులతో నేనే వేశాను, అసలు కంపెనీదే, బిల్లు కూడా ఉంది. వేసే ముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి మీదా ఒకే నంబరు ఉంది. లోపల ఏమైనా మార్చారో లేదో తెలుసుకోవాలంటే కొత్తదాన్ని కూడా విప్పాలి. విప్పితే అది పనికిరాదు. అట్లాగే బిగించి పంపాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
చింతామణి